షార్ట్ సర్క్యూట్ కారణం కాదు

తెలుగు దినపత్రికలలో అగ్నిప్రమాద వార్తలు చదివే అలవాటు ఉన్నవారికి వాటి చివరి వాక్యం చదవకుండానే తెలిసిపోతుంది. ఎన్ని కుటుంబాలు వీధిన పడ్డాయో, ఎంత ఆస్తి బూడిద అయిందో వివరించిన తరువాత, షార్ట్ సర్క్యూటే ఇందుకు కారణమని అధికారులు ప్రాథమికంగా భావిస్తున్నట్లు ఒక ముక్తాయింపు ఉంటుంది. ప్రాథమికం అన్నప్పుడు దాని వెనుక తుది అభిప్రాయం అనేది ఒకటి రావాలి. అది పత్రికల దాకా రావడం మాత్రం అరుదు. వార్త పాతబడుతుంది, కాలిన గోడలకు సున్నం పడుతుంది, కొత్త స్విచ్ బోర్డు బిగుస్తుంది. పాతది ఎందుకు కాలిందో తెలుసుకోకుండానే కొత్తదానికి కరెంటు ఇస్తారు.

ఒక రోగి మరణించినప్పుడు వైద్యుడు "గుండె ఆగిపోవడం వలన మరణించాడు" అని వ్రాస్తే అందులో అసత్యం లేదు, కాని సమాచారమూ లేదు. గుండె ఎందుకు ఆగిందన్నదే ప్రశ్న. షార్ట్ సర్క్యూట్ అన్న మాట కూడా అటువంటిదే. అది చాలా సందర్భాలలో ఒక సుదీర్ఘ ప్రక్రియకు చివరి మెట్టు. కొన్ని సందర్భాలలో మంటకు కారణం కాక, మంట వలన కలిగిన ఫలితం. దర్యాప్తు మొదలుకావలసిన చోట ఆ మాట దర్యాప్తును ముగిస్తున్నది. ఈ అలవాటు మానవలసిన అవసరం ఎందుకున్నదో తెలియాలంటే, స్విచ్ బోర్డు లోపల జరిగే రసాయన శాస్త్రాన్ని కొంత పరిశీలించాలి.

అతుకు దగ్గర ఏమి జరుగుతుంది?

విద్యుత్తు గాలిలోనుండి దూకి చాపంగా వెలగడాన్ని విద్యుత్ చాపం అంటారు, వాడుకలో ఆర్కింగు. రెండు తీగలు దగ్గరగా ఉన్నంత మాత్రాన ఇంటి కరెంటు ఒకదానినుండి మరొకదానికి దూకదు. ఎంత సన్నని సందైనా సరే, మామూలు గాలిని ఛేదించడానికి సుమారు 330 వోల్టులు కావాలి. భారతదేశంలోని 230 వోల్టుల సరఫరాలో శిఖర విలువ 325 వోల్టులు. కెనడాలోని 120 వోల్టుల సరఫరాలో అది 170 మాత్రమే. కాబట్టి చాపం పుట్టాలంటే దానికి ముందుగా ఎవరో, ఏదో దారి వేయాలి. కలిసి ఉన్న లోహాలు వదులై విడిపోవాలి, లేదా రెంటి నడుమ బొగ్గో, తేమో, బల్లి కళేబరమో వంతెన కట్టాలి. ఆ దారి ఒక్క రాత్రిలో పడేది కాదు. నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు పడుతుంది.

తెలుగు ఇళ్లలో చదువుతో నిమిత్తం లేకుండా అందరికీ తెలిసిన సాంకేతిక పదం లూజు కాంటాక్టు. ప్రమాదాలకు మూలం ఎక్కువగా అక్కడే ఉంటుంది. మర సరిగా బిగియని అతుకులో నిరోధం ఒక ఓములో పదవ వంతుకు చేరిందనుకుందాం. అందులో 15 ఆంపియర్లు ప్రవహిస్తే 22 వాట్లకు పైగా వేడి పుడుతుంది. గదిలో పెట్టిన హీటరుకు అది లెక్కలోనిది కాదు; వేరుశనగ గింజంత చోట, ప్లాస్టిక్ గోడల నడుమ, గాలి ఆడని పెట్టెలో అది ప్రమాదకరం. అదే సమయంలో ఆ అతుకు వద్ద కోల్పోయే పీడనం ఒకటిన్నర వోల్టు మాత్రమే. దీపం కాంతిలో తేడా కనిపించదు. ఫ్యూజు పోదు, బ్రేకరు పడదు. ఎందుకంటే ఆ తీగలో ప్రవహిస్తున్నది న్యాయమైన కరెంటే, దానికి మించి ఒక్క ఆంపియరు కూడా లేదు. బ్రేకరు పడలేదు కనుక లోపం లేదని భావించడం సామాన్యులే కాదు, కొందరు పనివారు కూడా చేసే పొరపాటు.

వేడెక్కిన రాగి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఎర్రని క్యూప్రస్ ఆక్సైడుగా మారుతుంది. లోహాలకు వేడి పెరిగితే నిరోధం పెరుగుతుంది. ఈ ఆక్సైడుకు అర్ధవాహక స్వభావం ఉన్నందున వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గుతుంది. అందుచేత కరెంటు అంతా ఆక్సైడులోని అత్యంత వేడి గల సన్నని దారిని వెతుక్కొని అందులోనే ప్రవహిస్తుంది. ఆ దారి ఎర్రగా కాలి పురుగులా మెల్లగా కదలుతూ, తన చుట్టూ ఉన్న రాగిని కూడా ఆక్సైడుగా మార్చుకుంటూ పోతుంది. జపాను పరిశోధకులు దీనిని విస్తృతంగా అధ్యయనం చేశారు. ఇక్కడ ఇంకా షార్ట్ సర్క్యూట్ లేదు, పెద్ద చాపమూ లేదు. మంటకు కావలసిన వేడి మాత్రం సిద్ధంగా ఉంది.

తీగ తొడుగుగా వాడే పి.వి.సి. సంగతి మరింత విచిత్రమైనది. అది వేడెక్కితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును విడుస్తుంది. ఆ వాయువు రాగిని తింటుంది. ధర తగ్గించడానికి, గుణం మార్చడానికి పి.వి.సి.లో సున్నపురాతి పొడి కలుపుతారు. అది ఆ వాయువును పీల్చుకొని కాల్షియం క్లోరైడ్‌గా మారుతుంది. గాలిలోని తేమను ఆకర్షించడం కాల్షియం క్లోరైడ్ ప్రధాన గుణం. అంటే, కరెంటును ఆపవలసిన తొడుగే తేమను పిలిచి తన ఉపరితలం మీద కరెంటుకు బాట వేస్తుంది. ఆ బాటలో చిన్న చిన్న మెరుపులు మెరిసి ప్లాస్టిక్‌ను బొగ్గు చేస్తాయి, బొగ్గు విద్యుద్వాహకం. చివరకు రెండు తీగల మధ్య బొగ్గు వంతెన పూర్తి అయిన రోజున పెద్ద చాపం లేస్తుంది. దానినే మరునాటి పత్రిక షార్ట్ సర్క్యూట్ అంటుంది.

అంటారియో నేర్చుకున్న పాఠం

ఈ విషయంలో వాటర్లూ వంటి ఊళ్లకు స్వానుభవం ఉంది. 1960ల మధ్య నుండి 1970ల చివరి వరకు రాగి ధర పెరిగినందున అంటారియో రాష్ట్రంలో అనేక ఇళ్లకు అల్యూమినియం తీగలు వేశారు. తీగ మధ్యలో ఏ దోషమూ లేదు. దోషమంతా చివరలలో, అంటే అతుకుల వద్ద. అల్యూమినియం ఉపరితలం మీద గాలి తగిలిన క్షణంలోనే ఒక ఆక్సైడు పొర ఏర్పడుతుంది. అది గట్టిది, విద్యుత్ నిరోధకం. డిగ్రీ వేడికి అల్యూమినియం పదిలక్షల భాగాలలో 23 భాగాలు వ్యాకోచిస్తే, రాగి 17, ఉక్కు 12 భాగాలు వ్యాకోచిస్తాయి. కరెంటు వాడినప్పుడల్లా ఉబ్బి, ఆపినప్పుడల్లా కుంచించుకొని, ఉక్కు మర కింద నలిగి, మెత్తని ఆ లోహం మెల్లగా పక్కకు జారిపోతుంది. అతుకు వదులవుతుంది, సందులోకి గాలి చేరుతుంది, ఆక్సైడు పెరుగుతుంది. తరువాతి కథ పైన చెప్పినదే.

ఇళ్లలో ప్లగ్గులు కాలడం మొదలైనప్పుడు "షార్ట్ సర్క్యూట్" అని వ్రాసి దస్త్రం మూసివేసి ఉంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. అంటారియో ప్రభుత్వం 1970ల చివర ఒక విచారణ సంఘాన్ని నియమించింది. దానికి అధ్యక్షుడు జె. ట్యూజో విల్సన్, భూఫలకాల సిద్ధాంతానికి పునాదులు వేసిన భూభౌతిక శాస్త్రవేత్త, ఆనాటి అంటారియో విజ్ఞాన కేంద్రానికి అధిపతి. ఖండాల కదలికలను వివరించిన మేధావి మర కింద నలిగిన తీగను పరిశీలించడానికి కూర్చోవడం ఆ ప్రభుత్వం సమస్యకు ఇచ్చిన గౌరవాన్ని తెలుపుతుంది. సరిహద్దుకు ఆవల అమెరికా వినియోగదారుల భద్రతా సంఘం జరిపించిన అధ్యయనంలో, 1972కు ముందు అల్యూమినియం తీగలు వేసిన ఇళ్లలో ఏదో ఒక అతుకు అగ్నిప్రమాద స్థితికి చేరే అవకాశం రాగి తీగల ఇళ్లకంటే 55 రెట్లు అధికమని తేలింది. ఈ పరిశీలనల ఫలితంగా మిశ్రమలోహం మారింది, మరల తయారీ మారింది, అల్యూమినియానికి తగినవని గుర్తు వేసిన ప్లగ్గులు వచ్చాయి. నేడు వాటర్లూలో ఆ కాలపు ఇల్లు కొనే తెలుగు కుటుంబాన్ని బీమా సంస్థ మొట్టమొదట తీగల గురించి అడుగుతున్నదంటే, అది నాటి దర్యాప్తుల పుణ్యమే.

అయితే కెనడాను ఆకాశానికి ఎత్తవలసిన పని లేదు. ఆ తీగలు వేయడానికి అనుమతి ఇచ్చినదీ ఈ దేశపు నిబంధనలే. ఇక్కడి గొప్పతనం పొరపాటు చేయకపోవడంలో లేదు. చేసినదానిని విప్పి చూసి, చూసినదానిని అచ్చువేయడంలో ఉంది. అంటారియోలో 1997 నాటి అగ్ని నిరోధక చట్టం అగ్నిమాపక మార్షల్‌కు అప్పగించిన విధి మంటకు కారణాన్ని మాత్రమే కాక, దాని మూలాన్నీ, పరిస్థితులనూ కూడా విచారించడం. విద్యుత్ భద్రతా ప్రాధికార సంస్థ ప్రతి సంవత్సరం రాష్ట్రంలోని విద్యుత్ ప్రమాదాలపై నివేదిక వెలువరిస్తుంది. సన్నని చాపాన్ని కూడా గుర్తించి ఆపగల బ్రేకర్లను కెనడా విద్యుత్ నియమావళి 2002లో పడకగదులకు, 2015లో ఇంటిలోని అధిక భాగం ప్లగ్గులకు విస్తరించింది. 1957లో స్థాపితమైన వాటర్లూ విశ్వవిద్యాలయంలో అధిక పీడన విద్యుత్ ప్రయోగశాల ఉంది. అక్కడి పరిశోధకులు నిజమైన మంటలను రగిల్చి కొలిచే పరిశోధనశాల కూడా ఉంది.

తెలుగు నేలపై

2020 ఆగస్టు 20వ తేదీ రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు చెలరేగాయి. ఒక్కొక్కటి 150 మెగావాట్ల సామర్థ్యం గల ఆరు యూనిట్లున్న ఆ కేంద్రంలో, దట్టమైన పొగ నిండిన సొరంగంనుండి బయటపడలేక తొమ్మిది మంది మరణించారు. వారిలో ఇద్దరు బ్యాటరీల పనికై వచ్చిన ఒక ప్రైవేటు సంస్థ ఉద్యోగులు. తొలి వార్తలన్నీ షార్ట్ సర్క్యూట్ అన్నవే. తెలంగాణ ప్రభుత్వం సి.ఐ.డి. దర్యాప్తుకు ఆదేశించింది.

విద్యుత్ కేంద్రాలలో బ్యాటరీలు ఎందుకుంటాయో తెలిసినవారికి అక్కడ అసలు ప్రశ్న స్ఫురిస్తుంది. లోపాన్ని గుర్తించే రిలేలూ, వలయాన్ని తెంచే బ్రేకర్లూ పనిచేయడానికి కావలసిన ఏకముఖ విద్యుత్తు ఆ బ్యాటరీలనుండి వస్తుంది. అది లేని క్షణంలో కేంద్రానికి కళ్లూ లేవు, చేతులూ లేవు. పెద్ద ప్యానెళ్లలో చాపం లేచినప్పుడు లోహమే ఆవిరి అయి పేలుడులా వ్యాపిస్తుంది. ఆ వేడి సూర్యుని ఉపరితలపు వేడిని మించగలదు. కొన్ని మిల్లీసెకన్లలో ఆపితే గోడ మీద మసి మిగులుతుంది. కొన్ని సెకన్లు ఆలస్యమైతే గది మిగలదు. కాబట్టి ఏ పెద్ద కేంద్రంలోనైనా అడగవలసినది చాపం ఎందుకు పుట్టిందని మాత్రమే కాదు, పుట్టినది ఎందుకు ఆగలేదని. ఆ తొమ్మిది మంది ప్రాణాలకు విలువ కట్టగల మార్గం ఒక్కటే: శ్రీశైలంలో తేలిన ప్రతి సాంకేతిక విషయం ప్రతి విద్యుత్ కేంద్రపు సిబ్బందికీ, ప్రతి పాలిటెక్నిక్ విద్యార్థికీ పాఠం కావడం.

2025 మే 18న హైదరాబాదు చార్మినార్ సమీపాన గుల్జార్ హౌజ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో పదిహేడు మంది మరణించారు. వారిలో పసిపిల్లలు ఉన్నారు. అప్పుడూ తొలినాడు వినిపించినది ఆ మాటే.

చట్టం లేక ఇలా జరుగుతున్నదనడానికి వీలులేదు. 2003 విద్యుత్ చట్టంలోని 161వ సెక్షను ప్రకారం ప్రమాదాన్ని విద్యుత్ ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాలి. ప్రభుత్వం కోరితే ఆయన కారణాన్ని విచారించి నివేదించాలి. సాక్షులను రప్పించడానికీ, పత్రాలను తెప్పించడానికీ ఆయనకు సివిల్ న్యాయస్థానానికి ఉన్న అధికారాలు ఉన్నాయి. ఇటువంటి ఏర్పాటు 1910 నాటి పాత చట్టంలోనే ఉంది. నూరేళ్లు దాటిన ఆయుధం ఒరలోనే ఉన్నది. లోపించినది దానిని వాడే పరికరాలు, మనుషులు, ముఖ్యంగా ఫలితాన్ని ప్రజలముందు పెట్టే సంప్రదాయం. జాతీయ నేర గణాంక సంస్థ ప్రమాద మరణాల పట్టికలో సైతం అగ్నిప్రమాదాల కారణాలలో ఒకటిగా విద్యుత్ షార్ట్ సర్క్యూట్ అన్న ఒకే గడి ఉంటుంది. వదులైన అతుకు, మోయలేని భారం, ఫ్యూజుకు బదులు కట్టిన లావు తీగ, నాసి తొడుగు, ఎలుక కొరికిన కేబులు, అన్నీ ఆ ఒక్క గడిలోనే కలిసిపోతాయి. విడిగా లెక్కించని దానికి విడిగా చికిత్స చేయడం ఎవరికి సాధ్యం?

సాక్ష్యం అబద్ధమాడగలదు

మంటలో అన్నీ కాలిపోయిన తరువాత తెలుసుకునేది ఏముంటుందన్న అభ్యంతరం ఒకటి ఉంది. అందులో కొంత నిజం ఉన్నది. అల్యూమినియం 660 డిగ్రీల వద్దనే కరుగుతుంది కనుక ఇంటి మంటలో ఆనవాలు లేకుండా పోగలదు. రాగి 1085 డిగ్రీలదాకా నిలుస్తుంది. దాని చివర ముత్యంలాంటి పూస కనిపిస్తే అది చాపం గుర్తు కావచ్చు. ఐతే ఆ పూస చెప్పేది మంట వచ్చినప్పుడు తీగలో కరెంటు ఉన్నదని మాత్రమే. మంటే తొడుగును కాల్చి తీగలను కలిపినా అటువంటి పూసే ఏర్పడుతుంది. కారణమైన పూసను, ఫలితమైన పూసను వేరుచేస్తామన్న పద్ధతులు కొన్ని ప్రతిపాదితమైనా, అవి నమ్మదగినవని శాస్త్రలోకం ఏకాభిప్రాయానికి రాలేదు. మరొక మోసం కూడా ఉంది. కరిగిన అల్యూమినియం రాగి మీద పడితే ఆ రెండూ కలిసిన మిశ్రమం 548 డిగ్రీలకే కరుగుతుంది. చాపం ఏమీ లేకపోయినా రాగి తీగ కరిగినట్లు కనిపిస్తుంది. సూక్ష్మదర్శినితో మూలకాలను పరీక్షించనివారు దానిని చూసి షార్ట్ సర్క్యూట్ అని సాక్ష్యం చెప్పగలరు.

ఇన్ని చిక్కులున్నవి కనుకనే అమెరికా జాతీయ అగ్ని నిరోధక సంఘం 1992నుండి దర్యాప్తుదారులకు ఒక మార్గదర్శక గ్రంథాన్ని ప్రచురిస్తూ వస్తున్నది. 2011 ముద్రణలో అది ఒక పాత అలవాటును స్పష్టంగా తోసిపుచ్చింది. వంటగ్యాసు కాదు, సిగరెట్టు కాదు, ఎవరూ అంటించలేదు, కాబట్టి మిగిలిన ఫలానాదే కారణమని తీర్మానించడం శాస్త్రం కాదన్నది. ఆధారం ఉంటేనే కారణం చెప్పాలి. లేకుంటే నిర్ధారణ కాలేదని వ్రాయాలి. తెలుగునాట షార్ట్ సర్క్యూట్ అన్న నిర్ణయాలలో ఎన్ని ఈ మినహాయింపు పద్ధతిలో పుట్టినవో ఆలోచించవలసి ఉంది.

నివేదికలు బయటపెడితే వ్యాజ్యాలు పెరుగుతాయని, నిందలు పడతాయని మరికొందరి భయం. వ్యక్తుల పేర్లు తొలగించి సాంకేతిక భాగాన్ని ప్రచురించడానికి ఏ అడ్డూ లేదు. నింద ఎవరి మీద వేయాలన్నది న్యాయస్థానం పని. ఏ మర వదులైందన్నది ప్రజలందరి పని. ఒకదానికోసం మరొకదానిని దాచడం వలన నిర్దోషి అయిన ఎలక్ట్రీషియను అనుమానంలో మిగులుతాడు, దోషం గల సరుకు అంగడిలో మిగులుతుంది.

చేయవలసినవి అసాధ్యమైనవి కావు. ఆధారం లేనప్పుడు "నిర్ధారితం కాలేదు" అని వ్రాయగల ధైర్యం మొదటిది. శిథిలాలు తీయకముందే మెయిన్ స్విచ్చునూ, బ్రేకర్ల స్థితినీ ఛాయాచిత్రాలు తీసి, బోర్డును అలాగే పెకలించి భద్రపరచడం రెండవది. ప్రతి ఇంజనీరింగు కళాశాలలోనూ సూక్ష్మదర్శినులు ఉన్న ఈ రోజులలో, జిల్లాకు ఒక కళాశాలనైనా విద్యుత్ ఇన్‌స్పెక్టరు కార్యాలయంతో జతపరచడం మూడవది. నివేదికల సారాన్ని ఏటేటా తెలుగులో అచ్చువేయడం నాలుగవది. దీనిలో ప్రవాసులకు పాత్ర ఉంది. వాటర్లూ చుట్టుపక్కల విద్యుత్ రంగంలో, పదార్థ విజ్ఞానంలో పనిచేసే తెలుగువారికి కొరత లేదు. స్వగ్రామంలో గుడికో బడికో విరాళమిచ్చే సంఘాలు, ఒక పాలిటెక్నిక్‌కు ఉష్ణచిత్రాలు తీసే కెమెరాను, తెలుగులో ఒక చిన్న కరదీపికను కానుకగా ఇవ్వగలవు. అటువంటి కెమెరా వేడెక్కిన అతుకును మంట పుట్టకముందే చూపిస్తుంది.

అంతవరకు ప్రతి ఇల్లాలూ, ప్రతి గృహస్థూ తమ ఇంటి బోర్డును గమనించవచ్చు. ముట్టుకుంటే వెచ్చగా ఉన్న స్విచ్చు, గోధుమరంగుకు మారిన ప్లగ్గు, చిటపటమనే చప్పుడు, వంటింట్లో చేపలు లేకుండానే వచ్చే చేపల వాసన, ఇవన్నీ లోపల రసాయన చర్య సాగుతున్నదనడానికి గుర్తులు. కొన్ని రకాల ప్లాస్టిక్కులు వేడికి విచ్ఛిన్నమైనప్పుడు ఆ వాసన వెలువడుతుంది. అప్పుడు అగరువత్తి వెలిగించడం కాక, మెయిన్ ఆపి అర్హతగల పనివానిని పిలవడం వివేకం. ఆ పనివాడు బోర్డు మార్చిన తరువాత పాతదానిని పారవేయనీయక, ఎక్కడ కాలిందో, ఎందుకు కాలిందో చూపించమని అడగాలి. ప్రభుత్వాలు అడగడం నేర్చుకునేది ప్రజలు అడగడం మొదలుపెట్టిన తరువాతనే.